బానెట్ కింది వేడి, ఇంజిన్ పీల్చే గాలి

అందరికీ నమస్కారం. సొంత కారు చేతికి రాగానే చాలామంది కుర్రాళ్ల కన్ను మొదట ఎయిర్ ఫిల్టర్ మీదే పడుతుంది. కంపెనీ ఇచ్చిన నల్ల ప్లాస్టిక్ డబ్బా పీకేసి, మూత లేని, శంఖం ఆకారపు ఓపెన్ కోన్ ఫిల్టర్ బిగిస్తే పికప్ అదిరిపోతుందని షెడ్డుల్లో చెబుతుంటారు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మన ఎండల్లో ఫిల్టర్ ఎంత ధారాళంగా గాలి వదులుతుందన్నది రెండో సంగతి. ఆ గాలి ఎంత వేడిగా ఉందో ముందు చూడాలి.

1.2 లీటర్ల పెట్రోల్ ఇంజిన్ తీసుకోండి. ఫోర్ స్ట్రోక్ కాబట్టి క్రాంక్ (ఇంజిన్ ప్రధాన ఇరుసు) రెండు చుట్లు తిరిగితే సిలిండర్లన్నీ ఒకసారి నిండుతాయి. 6000 ఆర్‌పీఎం (నిమిషానికి 6000 చుట్లు) దగ్గర నిమిషానికి 3600 లీటర్ల గాలి. పూర్తిగా నిండవు గనక 3000 అనుకుందాం. కిలో పెట్రోలు సరిగ్గా మండాలంటే 14.7 కిలోల గాలి కావాలి. అంటే ఇంజిన్ గాలిని కొలుచుకునేది బరువులో. వేడెక్కిన కొద్దీ గాలి పలచబడుతుంది. 20 డిగ్రీల దగ్గర ఘనపు మీటరు గాలి 1.2 కిలోలు తూగితే, 70 డిగ్రీల దగ్గర 1.03 కిలోలే తూగుతుంది.

70 డిగ్రీలు ఎక్కడివంటారా? మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో బయటే 45 ఉంటుంది. రేడియేటర్‌లో కూలెంట్ 90 డిగ్రీల మీద తిరుగుతుంటుంది. ఫ్యాన్ ఆ వేడినంతా ఇంజిన్ మీదికే తోస్తుంది. ఓపెన్ ఫిల్టర్ కూర్చునేది సరిగ్గా ఆ సెగలోనే. పీకి పారేసిన ప్లాస్టిక్ డబ్బాకేమో గ్రిల్ వెనకకో ఫెండర్ పక్కకో ఒక గొట్టం ఉంటుంది, బయటి గాలి తెచ్చుకోవడానికి. దాన్ని గీసిన ఇంజినీరు తెలివి అక్కడుంది.

మీరే చూడొచ్చు. ఓబీడీ పోర్టుకు (స్టీరింగ్ కింద ఉండే, ఇంజిన్ వివరాలు చదివే సాకెట్) చవకైన బ్లూటూత్ స్కానర్ తగిలించి, ఫోన్‌లో ఇన్‌టేక్ ఎయిర్ టెంపరేచర్, అంటే ఇంజిన్ పీల్చే గాలి వేడి, తెరవండి. హైవే మీద పోతున్నంతసేపూ బయటి వేడికి కాస్త పైన నిలకడగా ఉంటుంది. టోల్‌గేటు క్యూలో ఆగగానే 50, 55, 60 అంటూ ఎక్కుతుంది. ఓపెన్ ఫిల్టర్ అయితే 70 దాటినా ఆశ్చర్యం లేదు. బండి కదిలాక కూడా వెంటనే దిగదు. పైపులు, మానిఫోల్డ్ (గాలిని సిలిండర్లకు పంచే గొట్టాలు) తాగిన వేడి వదలాలి కదా.

42 నుంచి 70కి పోతే గాలి బరువు 8 శాతం తగ్గుతుంది. అదంతా పవర్‌లో కనపడదు, ఎందుకంటే చల్లటి గాలి కూడా సిలిండర్ చేరేలోపు కొంత వేడెక్కుతుంది. సగమే లెక్కేసినా 80 హార్స్‌పవర్ బండిలో మూడు పోయినట్టే. మామూలు ఇంజిన్‌కు కోన్ ఫిల్టర్ ఇస్తుందనే లాభమూ దాదాపు అంతే. పైగా వేడి గాలితో నాకింగ్ (పెట్రోలు అదుపు తప్పి మండి ఇంజిన్ టకటకలాడడం) మొదలైతే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్, ఈసీయూ, ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి లాగుతుంది, అంటే స్పార్క్ ఆలస్యంగా ఇస్తుంది, ఇంకొంత పవర్ పోతుంది.

మరి డైనో (బండిని రోలర్ల మీద నడిపి పవర్ కొలిచే యంత్రం) కాగితంలో పవర్ పెరిగిందే అంటారు. డైనో మీద సాధారణంగా బానెట్ ఎత్తి, ముందు పెద్ద ఫ్యాన్ పెడతారు. రోడ్డు మీద బానెట్ మూసుకుని తిరుగుతాం. కంపెనీ డబ్బాలోని రెసొనేటర్ (గాలి చప్పుడు తగ్గించే గది) తీసేశాక వచ్చే హోరు కూడా బండి వేగం పెరిగిందనిపిస్తుంది.

మార్చి తీరాలనుకుంటే, మూత ఉన్న డబ్బాతో, గొట్టం మూతి రేడియేటర్‌కు ముందుండేలా వచ్చే కిట్ చూడండి. మూతి మరీ కిందికి మాత్రం వద్దు. హైదరాబాద్ వానల్లో అండర్‌పాస్ నీళ్లు ఒక్క గుక్క లోపలికి పోతే పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది, ఇంజిన్ విప్పాల్సిందే. నూనె పూసే కాటన్ ఫిల్టర్‌కు నూనె ఎక్కువైతే మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సర్ (లోపలికి పోయే గాలిని కొలిచేది) తీగకు అంటుకుని, అది తప్పుడు లెక్కలు ఇస్తుంది. గాలిని నొక్కి ఇంజిన్‌లోకి పంపే టర్బో ఉన్న బండ్లకైతే నా ఓటు ఇంటర్‌కూలర్‌కే. టర్బో నొక్కిన గాలి 100 డిగ్రీలు దాటడం మామూలే. దాన్ని చల్లార్చే ఇంటర్‌కూలర్ రెక్కల్లో మట్టి పేరుకుంటే, ఎంత ఖరీదైన ఫిల్టర్ పెట్టినా ఏం లాభం?

స్కానర్ తెచ్చాను. కింద పార్కింగ్‌లో రెండు బండ్లున్నాయి, ఒకటి కంపెనీ డబ్బాతో, ఇంకొకటి ఓపెన్ ఫిల్టర్‌తో. ఇంజిన్లు ఆన్ చేసి పది నిమిషాలు వదిలేద్దాం. ప్రశ్నలు అక్కడే అడగండి, అంకెలు చూస్తూ మాట్లాడుకుందాం.