నడకలు కలవని గుర్రాలతో కొండబాటల స్వారీ

సభలోని పెద్దలకు, తోటి రౌతులకు నమస్కారం.

అమెరికాలోని టెనెసీ, మిస్సోరీ రాష్ట్రాల కొండబాటల్లో సెలవురోజున బయలుదేరే బృందంలో క్వార్టర్ హార్స్, అరబ్బీ, టెనెసీ వాకింగ్ హార్స్ జాతుల గుర్రాలు ఒకే వరుసలో కనబడుతుంటాయి. చూడముచ్చటైన ఈ కలయికలోనే చిక్కు కూడా ఉంది. క్వార్టర్ హార్స్ మామూలు నడక గంటకు సుమారు 4 మైళ్ళు. వాకింగ్ హార్స్ ముందుకాలి డెక్క గుర్తును దాటించి వెనకకాలు వేస్తుంది కాబట్టి, మీదున్న మనిషికి కుదుపే తెలియకుండా గంటకు 6, 7 మైళ్ళు సాగిపోగలదు. దాని రౌతుకు తాను వేగంగా పోతున్నానన్న స్పృహే ఉండదు. వెనకబడిన గుర్రం మాత్రం మంద తనను వదిలిపోతోందన్న బెదురుతో ట్రాట్ అనే దుడుకు నడక అందుకుంటుంది. ట్రాట్‌లో ఒక పక్క ముందుకాలూ రెండో పక్క వెనకకాలూ జంటగా నేలను తాకుతాయి గనుక, కొత్త రౌతు జీను మీద ఎగిరెగిరి పడుతూ కాళ్ళు బిగిస్తాడు; ఆ బిగింపును గుర్రం తొందరపెట్టడంగా తీసుకొని ఇంకా వడి పెంచుతుంది. ప్రమాదం అక్కడే మొదలవుతుంది.

నెమ్మదిగా నడిచే గుర్రాన్ని ముందుంచితే చాలని కొందరంటారు. నేను పూర్తిగా ఒప్పుకోను. వడిగలది దాని తోక మీదికి వచ్చేస్తుంది. గుర్రానికి సరిగ్గా తన వెనక ఉన్నది కనబడదు. చెవులు వెనక్కి అణచి, తోక విదిలించి, పిరుదులు బిగించిందంటే తన్నబోతోందన్నమాట. మీ గుర్రం చెవుల మధ్యనుంచి ముందున్న గుర్రం వెనక డెక్కలు కనబడేంత ఎడం ఎప్పుడూ ఉంచండి. తోకకు ఎర్ర రిబ్బను కట్టి ఉంటే అది తన్నే గుర్రమని గుర్తు, ఇంకా దూరంగా ఉండండి. నడకల్లో తేడా మరీ ఎక్కువైతే, ఒకదానికొకటి కనబడనంత ఎడంతో రెండు జట్లుగా బయలుదేరడమే మేలని నా గట్టి అభిప్రాయం. అందరం కలిసి వెళ్ళాలన్న ముచ్చట నాకూ ఉంది. అలా వెళ్ళదలిస్తే వడిగల గుర్రం రౌతే పగ్గాలు పట్టి తగ్గాలి.

వాగు దగ్గర చివరి గుర్రం నీళ్ళు తాగేదాకా, దిగినచోట చివరి మనిషి జీనెక్కేదాకా ఎవరూ కదలకూడదు. దాటిపోవాలంటే ఏ పక్కనుంచి వస్తున్నారో ముందే చెప్పి, అవతలి రౌతు సరేనన్నాక నడకలోనే దాటండి. తిరుగుదారిలో లాయం వైపు మళ్ళగానే గుర్రాలన్నీ తొందరపడతాయి కనుక, ఆఖరి మైలంతా నడిపించే తీసుకురండి.