కుందేలు డబ్బుతో కొన్న కొండలు

అందరికీ నమస్కారం.

పిల్లల రచయిత్రి గురించి మాట్లాడమని పిలిస్తే వీడేమిటి గొర్రెల గురించి చెబుతున్నాడని మధ్యలో మీకు అనిపించవచ్చు. బియాట్రిక్స్ పాటర్ తిరిగిన ఊళ్లు చూసొచ్చాక ఆ రెంటినీ విడదీసి మాట్లాడటం నాకు చేతకావడం లేదు. కాస్త ఓర్చుకోండి.

నీలం కోటు వేసుకున్న పీటర్ కుందేలు మీ ఇళ్లలో పుస్తకంగానో, ప్లేటు మీద బొమ్మగానో ఉండే ఉంటుంది. దాన్ని గీసినావిడ 1866లో లండన్‌లో, బాగా డబ్బున్న ఇంట్లో పుట్టింది. బడి లేదు, ఇంట్లోనే చదువు. ఈడు పిల్లల స్నేహం తక్కువ. గదిలో కుందేళ్లు, ఎలుకలు, ముళ్లపంది, స్కెచ్ పుస్తకాలు. 1882 వేసవిలో వాళ్ల కుటుంబం ఇంగ్లండ్ వాయవ్య మూలన ఉన్న లేక్ డిస్ట్రిక్ట్‌లో రే కాజిల్ అనే పెద్ద భవంతిని అద్దెకు తీసుకుంది. అక్కడి చర్చి పాదరీ హార్డ్‌విక్ రాన్‌స్లీ వాళ్లకు స్నేహితుడయ్యాడు. ఈ సరస్సులూ కొండలూ డబ్బున్నవాళ్ల పాలు కాకూడదని పోరాడిన మనిషి ఆయన. అందమైన ప్రదేశాలనూ పాత కట్టడాలనూ అందరి కోసం కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థను 1895లో స్థాపించిన ముగ్గురిలో ఒకడు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. పీటర్ కథ పుట్టింది లేక్ డిస్ట్రిక్ట్‌లో కాదు. తనకు చదువు చెప్పిన ఆవిడ కొడుక్కి ఒంట్లో బాగోలేదని 1893లో స్కాట్లాండ్ నుంచి రాసిన బొమ్మల ఉత్తరం అది. ప్రచురణకర్తలు వద్దంటే 1901లో సొంత ఖర్చుతో 250 కాపీలు వేయించుకుంది. మరుసటి ఏడాది ఫ్రెడరిక్ వార్న్ సంస్థ తీసుకుంది. ఆ తర్వాత డబ్బుకు లోటు లేదు. 1905లో ఆ సంస్థకు చెందిన నార్మన్ వార్న్‌తో పెళ్లి నిశ్చయమైంది. వ్యాపారం చేసుకునేవాడు మన అంతస్తుకు తగడని అమ్మానాన్నలు మొహం ముడుచుకున్నారు. నెల తిరిగేసరికి నార్మన్ జబ్బుతో పోయాడు. ఆ ఏడాదే ఆమె లేక్ డిస్ట్రిక్ట్‌లో నియర్ సారే అనే పల్లెలో హిల్ టాప్ అనే వ్యవసాయ క్షేత్రం కొనుక్కుంది.

అక్కడికి వెళ్లాలంటే, బోనెస్ అనే ఊరి దగ్గర నుంచి విండర్‌మియర్ సరస్సు దాటడానికి ఫెర్రీ ఉంది. కార్లతో సహా ఎక్కించుకుని, ఇనుప తాళ్లు పట్టుకుని నడుస్తుంది. అవతల దిగాక దారి సన్నం. ఎదురుగా బస్సు వస్తే ఎవరో ఒకరు వెనక్కి వెళ్లాల్సిందే, కొత్తగా నడిపేవాళ్లకు టెన్షనే. హిల్ టాప్ ఇల్లు చిన్నది కాబట్టి టైము వేసిన టికెట్లు ఇస్తారు. గోడకు ఒక పలక ఉంటుంది: హెచ్.బి.పి. 1906. హెలెన్ బియాట్రిక్స్ పాటర్ అని, ఆమె పూర్తి పేరు పొడి అక్షరాలు. ఊళ్లోకి వచ్చిన పట్నం ఆవిడ అక్కడున్న రైతు కుటుంబాన్ని ఖాళీ చేయించకుండా, వాళ్లకోసం ఇంటికి కొత్త భాగం కట్టించింది. ఆ పలక దాని మీదది.

లోపలికి పుస్తకాలు పట్టుకెళ్లండి. 1908లో వచ్చిన శామ్యూల్ విస్కర్స్ కథలో ఎలుక అప్పడాల కర్రను దొర్లించుకుపోయే మెట్ల మలుపు ఉంది కదా, అది ఈ ఇంట్లోదే. పిల్లిపిల్లను పిండిలో చుట్టేయబోయిన ఆ ఎలుకలూ ఉత్త కల్పన కాదు. ఇల్లు కొన్నప్పుడు దాన్నిండా ఎలుకలే. మా అమ్మాయి పేజీ తెరిచి, మెట్ల దగ్గర నిలబడి, బొమ్మను చూస్తూ, గోడను చూస్తూ కదలనంది. వెనక క్యూ ఆగిపోయింది. బయట తోటలో, ఇంకో కథలో జెమీమా బాతు గుడ్లు దాచాలని చూసిన రూబార్బ్ మొక్కలు, పెద్ద ఆకులుండి కాడలు వండుకునేవి. రోడ్డు మీదికి వస్తే అదే కథలో గీసిన టవర్ బ్యాంక్ ఆర్మ్స్ అనే పబ్బు.

బోనెస్‌లో బొమ్మల దుకాణాలూ, ప్రదర్శనలూ ఉన్నాయి. చిన్నపిల్లలుంటే సరే, లేకపోతే నా లెక్కలో ఆ సమయం దండగ. దానికన్నా ఉత్తరాన డర్వెంట్‌వాటర్ సరస్సుకు వెళ్లండి. ఆమె కథలో ఉడతలు తెప్పల మీద తోకలు తెరచాపలుగా ఎత్తి వెళ్లిన దీవి అక్కడుంది. పక్కనే న్యూలాండ్స్ లోయ, బట్టలుతికే ముళ్లపంది టిగ్గీ వింకిల్ ఊరు.

ఇక గొర్రెలు. 1913లో ఆమె హాక్స్‌హెడ్ అనే ఊరి లాయరు విలియం హీలిస్‌ను పెళ్లాడింది. తర్వాత పుస్తకాలు తగ్గాయి, పొలాలు పెరిగాయి. 1923లో ట్రౌట్‌బెక్ పార్క్ కొంది, పెద్ద గొర్రెల క్షేత్రం. హెర్డ్‌విక్ అనే స్థానిక జాతి గొర్రెల మీద ఆమెకు ప్రాణం. ముతక ఉన్ని బట్టలు, కాళ్లకు చెక్క అడుగుల బూట్లు వేసుకుని వానలో వెళ్తుంటే, ఎదురొచ్చిన దేశదిమ్మరి ఆమెను తనలాంటిదే అనుకుని పలకరించాడట. ఆ సంగతి ఆమే చెప్పుకునేది.

ఈ గొర్రెలకు కొండ మీద కంచె ఉండదు. ఏ మంద హద్దు ఎక్కడిదాకానో తల్లి వెంట తిరిగే పిల్ల నేర్చుకుంటుంది, అది మళ్లీ తన పిల్లకు నేర్పుతుంది. మంద పోతే ఆ తెలివీ పోతుంది, సంతలో వేరే గొర్రెలను కొనుక్కొచ్చి వదిలితే కుదరదు. 2001లో గాలికుంటు వ్యాధి వచ్చి మందలను చంపేస్తున్నప్పుడు అక్కడి రైతులు వణికింది అందుకే.

1943 డిసెంబరులో ఆమె చనిపోయేనాటికి చేతిలో 4,000 ఎకరాలకు పైగా భూమి ఉంది. దాదాపు అంతా నేషనల్ ట్రస్ట్‌కు రాసిచ్చింది, కొండ పొలాల్లో హెర్డ్‌విక్ గొర్రెలనే ఉంచాలన్న షరతుతో. హాయిగా తిరిగొచ్చే మనకు అది ప్రకృతి అనిపిస్తుంది. కానీ ఆ పచ్చిక అంత పొట్టిగా ఉండేది గొర్రెలు మేస్తేనే. సున్నం లేకుండా పేర్చిన ఆ రాతి గోడలు ఏటా ఎవరో ఒకరు సరిచేస్తేనే నిలుస్తాయి. మేత ఎక్కువై కొండలు బోడివవుతున్నాయని, చెట్లు పెరగనివ్వాలని ఇప్పుడు వాదించేవాళ్లూ ఉన్నారు. వాళ్ల మాటలోనూ నిజం ఉంది.

వెళ్లేవాళ్లు ఏప్రిల్ చివర్లోనో మే నెలలోనో వెళ్లండి. గొర్రెలు ఈనే కాలం అది. హెర్డ్‌విక్ పిల్లలు పుట్టినప్పుడు నల్లగా ఉంటాయి, పెరిగేకొద్దీ బూడిద రంగుకు తిరుగుతాయి. వానకోటు మర్చిపోవద్దు, గొడుగు ఆ గాలికి ఆగదు. టికెట్లు ముందే తీసుకోండి. ఇక మీ ప్రశ్నలు అడగండి.