మైకు వినకుండా మూడో ప్లాట్‌ఫాం దగ్గర

హాయ్ అండీ, నమస్తే. వెనకాల కుక్కర్ కూత వినిపిస్తుంటే పట్టించుకోకండి. వీడియో అమెరికాలో మేముండే కొలంబస్‌లో తీసిందే, వాయిస్ మాత్రం కావలిలో మా మిద్దె మీద కూర్చుని ఇస్తున్నా. నాయన పక్కనే పేపర్ చదువుకుంటున్నారు. చదువుతున్నట్టు నటిస్తున్నారు, అంతే.

పోయిన వీడియోలో మా ఫ్రిజ్ మీద యాంటెన్నా ఉన్న నల్ల డబ్బా ఏంటని మా పిన్నితో మొదలుపెట్టి అందరూ అడిగారు. వాకీటాకీ కాదండీ. దానికి వినడమే గానీ మాట్లాడటం రాదు. దాన్ని స్కానర్ అంటారు. ఫైర్ ఇంజిన్లు, అంబులెన్సులు, మంచు తీసే లారీల వాళ్ళు రేడియోలో మాట్లాడుకునేవి ఇంట్లో కూర్చుని వినొచ్చు. సెకండ్‌హ్యాండ్‌లో 300 డాలర్లు, అంటే మన పాతిక వేల పైమాటే. కంపెనీ పేరు చెప్తే ప్రమోషన్ అంటారు, వద్దులెండి.

"పోలీసోళ్ళు ఊరుకుంటారా?" అని అమ్మ మొదటి ప్రశ్న. ఒహైయోలో ఇంట్లో పెట్టుకుని వింటే ఎవరూ ఏమీ అనరు. కొన్ని రాష్ట్రాల్లో కారులో పెట్టుకుంటే మాత్రం తప్పు. సెల్‌ఫోన్ల బ్యాండ్ స్కానర్లలో లేకుండా చట్టమే ఉంది. ఎన్‌క్రిప్ట్ చేసిన, అంటే రహస్య కోడ్‌లోకి మార్చిన మాటలు ఏ స్కానర్‌కీ అందవు, చాలా ఊళ్ళలో పోలీసుల మాటలు ఇప్పుడు అట్లాంటివే. మన దగ్గరైతే 1933 చట్టం నాటి నుంచే లైసెన్స్ లేని వైర్‌లెస్ సెట్ ఇంట్లో ఉండటమే నేరం. అందుకే డబ్బా అక్కడే వదిలేసి వచ్చా. నాయనకి చూపించలేకపోయానన్న బాధ మాత్రం ఉంది.

ఎందుకంటే ఆయన పోలీస్ వైర్‌లెస్‌లో చేసి రిటైర్ అయ్యారు. 1989 నవంబరు తుఫాను మన కావలి దగ్గరే తీరం దాటింది కదా, ఆ రాత్రి కరెంటు, ఫోన్లు అన్నీ పోతే బ్యాటరీ మీద సెట్ నడిపి తెల్లారిందాకా కూర్చున్నారట. ఈ కథ మా ఇంట్లో ప్రతి తుఫానుకీ వింటాం. అమ్మ అయితే డైలాగులతో సహా చెప్పేస్తుంది.

సరే, డబ్బా సంగతి. మొదటి వారం నాకు ఏడుపొక్కటే తక్కువ. ఊళ్ళో వాళ్ళు వాడే ఫ్రీక్వెన్సీలన్నీ నెట్‌లో చూసి, ఒక్కోటీ కీప్యాడ్ మీద కొట్టుకుంటూ పోయా. ఆన్ చేస్తే అంతా గజిబిజి. పొగ ఏ అంతస్తులో అని ఒకరు అడిగితే, ఉప్పు అయిపోయిందని ఇంకొకరు జవాబు. మంచు కరగడానికి అక్కడ రోడ్ల మీద ఉప్పు చల్లుతారు లెండి, లారీలకి లారీలు. ఇస్కపల్లి ఉప్పు కొఠార్లలో ఎండకి మాడిపోయే మనుషుల్ని చూసినదాన్ని, మొదటిసారి ఆ ఉప్పు టైర్ల కింద నలుగుతుంటే ప్రాణం ఉసూరుమంది. మా ఆయనేమో ఆ ఉప్పుకి కారు తుప్పు పడుతుందని గొడవ. ఏదో చెప్తూ ఎటో పోయా.

విషయం ఏంటంటే, అక్కడ ఫైర్‌కి ఒక ఫ్రీక్వెన్సీ, రోడ్ల వాళ్ళకి ఒకటి అని కట్టిపెట్టలేదు. రాష్ట్రమంతటికీ మార్క్స్ అని, పీ25 అనే రకం డిజిటల్ రేడియో వ్యవస్థ ఉంది. ఛానళ్ళు అందరికీ ఉమ్మడి. ఎవరు బటన్ నొక్కితే, ఆ క్షణాన ఏది ఖాళీగా ఉంటే అది కంప్యూటర్ వాళ్ళకి ఇస్తుంది. మాట అయిపోగానే అదే ఛానల్ ఇంకొకరికి. ట్రంకింగ్ అంటే ఇదే. అన్నిటికీ పైన కంట్రోల్ ఛానల్ అని ఒకటి. అందులో మాటలుండవు, ఆగకుండా గరగరమనే డేటా. ఫలానా టాక్‌గ్రూప్, అంటే తమలో తాము మాట్లాడుకునే జట్టు, ఫలానా ఛానల్‌కి పోండి అని అదే చెప్తుంది.

ఇదంతా వాట్సాప్ కాల్‌లో నాయనకి చెప్పుకుంటున్నా. ఆయన ట్రంకింగ్ ఎన్నడూ చూడలేదు. అయినా రెండు నిమిషాలు విని, "అంటే అమ్మే, బస్టాండులో మైకు వినకుండా మూడో ప్లాట్‌ఫాం దగ్గర నిలబడ్డావు. ఒకసారి నెల్లూరు బస్సు, ఒకసారి ఉదయగిరి బస్సు. బస్సుల తప్పేముంది?" అన్నారు.

అంతే! అన్నీ చెరిపేసి, మా కౌంటీ (మన జిల్లా లాంటిది) టవర్ల కంట్రోల్ ఛానళ్ళు, నాకు కావలసిన టాక్‌గ్రూప్ నంబర్లు మాత్రమే ఎక్కించా. మిగతా ఛానళ్ళ లెక్క సెట్టే చూసుకుంటుంది. ఒక్కో టాక్‌గ్రూప్‌కి పదహారు అక్షరాల్లో పేరు పెట్టుకోవచ్చు, ఇంగ్లీషులోనే. ఫైర్ ఇంజిన్లకి ఎక్కడికి పోవాలో చెప్పి పంపే ఫైర్ డిస్పాచ్‌కి నేను 'కావలి' అని పెట్టుకున్నా.

హాల్లో పెడితే మాట ముక్కలు ముక్కలు, ఫ్రిజ్ మీద పెడితే శుభ్రంగా. ఒకే మాటని నాలుగు టవర్లు ఒకేసారి పంపితే అలలు ఒకదానితో ఒకటి కొట్టుకుంటాయి. శ్రీరామనవమి పందిట్లో నాలుగు మూలల మైకులు మోగినట్టు. జానెడు జరిపితే సర్దుకుంటుంది. ఇంకో మాట, వద్దనుకున్న టాక్‌గ్రూప్ వినపడకుండా చేసే లాకౌట్ బటన్ ఒకసారి నొక్కితే తాత్కాలికం, రెండుసార్లు నొక్కితే శాశ్వతం. నేను 'కావలి'నే రెండుసార్లు నొక్కి, ఊళ్ళో మంటలే లేవు, ఎంత ప్రశాంతంగా ఉందో అని మూడు వారాలు మురిసిపోయా.

మా ఆయనకి నైట్ షిఫ్ట్. జనవరిలో సాయంత్రం అయిదున్నరకే చీకటి. పక్కింటి వాళ్ళ ముఖం చూసి నెల దాటుతుంది. రాత్రి తొమ్మిది దాటాక డిస్పాచ్‌లో మాట్లాడే అమ్మాయి గొంతు వస్తుంది. తొణకదు, బెణకదు. అన్నం తింటూ వింటుంటా. తనకి జలుబు చేసిన రోజు కూడా నాకు తెలిసిపోయింది.

ఇప్పుడు మీకు వినిపించేది ఆ గొంతే. అడ్రస్ చెప్పే చోట సౌండ్ తీసేశా.

చూడండి, నాయన పేపర్ పక్కన పెట్టేశారు. "ఇంకోసారి పెట్టు" అంటున్నారు. ఇది మూడోసారి. చివర్లో ఆ అమ్మాయి టైం చెప్పగానే, అలవాటుగా జేబులో పెన్ను తీసి పేపర్ అంచున రాసుకున్నారు. 21:47.