తపేలా తిరగేసి చూడండి

శ్రోతలకు నమస్కారం.

పిల్లల దగ్గరికని విదేశాలకు వెళ్లొచ్చే పెద్దవాళ్లు ఇప్పుడు నెల్లూరులో వీధికి ఇద్దరైనా కనిపిస్తారు. అక్కడికి వెళ్లగానే పిల్లలు మనల్ని పెద్ద పెద్ద మాల్స్‌లో తిప్పుతారు. తిరగండి, కాదనను. కానీ ఒక్క వారాంతం మాత్రం పాత సామాన్ల సంతకు తీసుకెళ్లమని అడగండి. బ్యాంకాక్‌లో అయితే చతుచక్ సంత ఉంది, శని, ఆదివారాల్లో నిండుగా జరుగుతుంది. 15,000కు పైగా అంగళ్లు, ఒక్కరోజులో చూసి రావడం అయ్యే పని కాదు. కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లకు పాసడీనా ఊళ్లో రోజ్ బౌల్ స్టేడియం దగ్గర నెలకోసారి, రెండో ఆదివారం జరుగుతుంది. నేను చూసింది, ఈ రోజు మీకు చెప్పాలనుకున్నది లండన్‌లోని పోర్టొబెల్లో రోడ్డు.

శనివారం పొద్దున్నే వెళ్లాం. పాత వస్తువులకు అక్కడ శనివారమే అసలు రోజు. నాటింగ్ హిల్ గేట్ స్టేషన్‌లో దిగి జనం వెంట నడిస్తే చాలు, దారి అడగక్కర్లేదు. మొదటి అంగట్లోనే ఇరుగుపొరుగుకి ఇద్దామని ఎర్ర బస్సు బొమ్మలున్న ఫ్రిజ్ మాగ్నెట్లు నాలుగు కొన్నాను. అవి ఎంత పనికొచ్చాయో చెబుతాను వినండి.

నాలుగడుగులు వేశామో లేదో, బంగారంలా మెరుస్తున్న దీపపు స్తంభం ఒకటి కనిపించింది. చేతిలోని మాగ్నెట్ ఊరికే దానికి ఆనించాను. టక్కున అతుక్కుంది! ఇత్తడికి అయస్కాంతం అతుక్కోదు. లోపలంతా ఇనుము, పైన పూత. దాన్ని అక్కడే పెట్టేసి కదిలాం.

ఇంకొంచెం ముందుకు వెళితే ఒక పెద్దావిడ బల్ల మీద, పింగాణీ కప్పుల మధ్యన, మన తపేలా! నల్లబడిపోయింది. దాని మీద ‘పూలకుండీ’ అని ఇంగ్లీషులో చీటీ అంటించి ఉంది. చేతిలోకి తీసుకున్నాను, బరువుంది. మాగ్నెట్ ఆనించాను, జారిపోయింది. ఆవిడ ఏమనుకుంటుందోనని మా అమ్మాయికి ఒకటే టెన్షన్. “అమ్మా, పద” అంటోంది. “ఉండమ్మా” అని తపేలా తిరగేసి చూశాను. అడుగున ఒక మాటు. ఎప్పుడో చిల్లు పడితే ఎవరో అతికించారు. వేలి కణుపుతో కొడితే ఖంగుమంది. ఎక్కడైనా బీట ఉంటే ఆ మోత రాదు.

అంచు కింద బొటనవేలితో రుద్దాను. గరుకుగా తగిలింది. చుక్కలు! మన ఇళ్లలో గిన్నెల మీద పేర్లు కొట్టించేవాళ్లం చూడండి, అలాంటి చుక్కలు. తెలుగు కాదు, అరవం. నాకు అరవం రాదు, కానీ మద్రాసు బస్సుల బోర్డులు చూసి చూసి నాలుగక్షరాలు కూడబలుక్కోగలను. ‘క’, ‘మ’. ఆ పైన అరిగిపోయింది. కమల అయ్యుండవచ్చు. సారె సామానుతో అత్తారింటికి వచ్చిన తపేలానేమో. నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

ముప్పై పౌండ్లు చెప్పింది. మనం ఇక్కడ సగానికి సగం అడుగుతాం. ఆ సంతలో అలా అడిగితే బాగుండదు. “కొంచెం తగ్గిస్తారా?” అన్నాను. ఇరవై ఐదుకు ఇచ్చింది. నోట్లు తీసిస్తే ఇంకా సంతోషించింది. బేరం గురించి నా అభిప్రాయం ఒకటుంది. తెచ్చి అమ్మేవాళ్ల దగ్గర ఆడండి, తప్పు లేదు. చేత్తో చేసి అమ్మేవాళ్ల దగ్గర మాత్రం గీసి గీసి ఆడకండి. మన ఉదయగిరిలో కొయ్య గరిటెలు చెక్కేవాళ్లను చూసినవాళ్లకు ఆ మాట వివరించి చెప్పక్కర్లేదు.

ఏనుగు దంతం, తాబేటి చిప్పతో చేసినవి మాత్రం ఎంత చవగ్గా వచ్చినా ముట్టుకోవద్దు. విమానాశ్రయంలో పట్టుకుంటే పెద్ద చిక్కు.

మళ్లీ చెబుతున్నాను, సంతకు వెళ్లేటప్పుడు చిన్న అయస్కాంతం ఒకటి చేతి సంచిలో వేసుకోండి. అది అతుక్కుంటే ఇత్తడి కాదు. అతుక్కోలేదని వెంటనే కొనేయకండి, అల్యూమినియానికి కూడా అతుక్కోదు. బరువు చూడండి, మోత వినండి, తిరగేసి చూడండి. ధర అడగడం ఆ తర్వాతే.

ఆ తపేలా ఇప్పుడు నెల్లూరులో మా వంటింట్లో ఉంది. చింతపండు వేసి తోమితే పచ్చగా మెరిసింది. అందులో చారు కాయాలని నా కోరిక. కళాయి, అంటే లోపల తగరపు పూత, లేని ఇత్తడిలో పులుపు కాస్తే చిలుము దిగుతుంది కాబట్టి ఇంకా పొయ్యి ఎక్కించలేదు. నా చిన్నప్పుడు కళాయి వేసేవాళ్లు వీధిలో కేకేసుకుంటూ వచ్చేవాళ్లు. ఇప్పుడు ఎంత వెతికినా దొరకడం లేదు. కావలి వైపో, కందుకూరు వైపో, మీ ఊళ్లో ఆ పని చేసేవాళ్లు ఎవరైనా ఉంటే ఈ రేడియో స్టేషన్‌కి ఒక కార్డు ముక్క రాయండి. తపేలా తీసుకుని నేనే వస్తాను.