పులుసులో పకోడీలు

శ్రోతలకు నమస్కారం.

మా మేనత్తది గజపతినగరం. నీసు మానేసి ఇరవై ఏళ్లు దాటింది. విజయనగరం వచ్చినప్పుడల్లా సాయంత్రం ఫాస్ట్‌ఫుడ్ బండి దగ్గర ఓ నిమిషం ఆగి, ఆ మంటనీ, మూకుట్లోంచి పైకెగిరే నూడిల్స్‌నీ చూస్తుంది. తినదు. గుడ్డు కొట్టిన మూకుట్లోనే వెజ్ కూడా తిప్పుతాడని ఆవిడ అభ్యంతరం. నీళ్లు చల్లి గరిటెతో ఒకసారి గీకితే నీసు పోతుందా అంటుంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

అందుకే మొన్న కార్తీకంలో, ఆర్టీసీ కాంప్లెక్స్‌కి దగ్గర్లో ఓ మేడ మీద ‘ప్యూర్ వెజ్ చైనీస్ బఫే’ అన్న బోర్డు కనబడగానే ఆవిణ్ణి తీసుకెళ్లాను. మనిషికి 199 రూపాయలు, తిన్నవాడికి తిన్నంత. ప్లేట్లో వదిలేస్తే ఇంకో 50 కట్టాలి. ఆ రెండో ముక్క చదివాక ఆ హోటల్ మీద మా అత్తకి గౌరవం పెరిగింది.

చవక బఫేలో గిన్నెలు ఊరికే సర్దరు. ముందు సూపు, దాని పక్కనే గుట్టలా ఫ్రైడ్ రైస్, నూడిల్స్, క్యాబేజీ. పనీర్ మాత్రం ఆ చివర, చిన్న గిన్నెలో, దానికి తగ్గ చిన్న గరిటెతో. అక్కడికి చేరేసరికి మన ప్లేటులో చోటుండకూడదు! మా అత్త ఎన్నో పెళ్లివంటలు చూసిన మనిషి. ఉత్త చేతులతో ఒక చుట్టు తిరిగొచ్చి, “ఆ చివర్నుంచి మొదలెట్టు” అని నా చెవిలో చెప్పింది.

స్ప్రింగ్ రోల్స్ నిరాశపరిచాయి. వేడినీళ్ల మీద మూతపెట్టి ఉంచిన గిన్నెలో ఏ వేపుడైనా ఆవిరికి మెత్తబడుతుంది. బఫేలో కరకరలాడేది తినాలంటే కొత్త వాయి వచ్చేదాకా కాచుకోవాలి. ఈలోగా అత్త గోబీ మంచూరియా నోట్లో పెట్టుకుంది.

“ఇదేటిరా! పులుసులో పకోడీలేసీసారు!”

నవ్వొచ్చింది గానీ ఆలోచిస్తే అంతే కదా. కాలీఫ్లవర్‌ని మైదా, కార్న్‌ఫ్లోర్‌లో ముంచి వేయించడం పకోడీ పనే. ఆ రసం చిక్కబడ్డానికి నీళ్లలో కలిపి పోసే కార్న్‌ఫ్లోర్, మనం పులుసులో కలిపే బియ్యప్పిండి లాంటిదే. ఆవిడ ఇంకో ముక్క నమిలి, గొంతు తగ్గించి అంది: “అల్లం, ఎల్లుల్లి, పచ్చిమిర్చి... కోడికూర వాసనరా ఇది.”

అక్కడ నేను ఆశ్చర్యపోయాను. ఈ వంటకం నిజంగానే కోడిమాంసంతో పుట్టింది. కలకత్తాలో చైనీయుల ఇంట పుట్టిన నెల్సన్ వాంగ్, 1975లో ముంబైలోని క్రికెట్ క్లబ్ ఆఫ్ ఇండియాలో దీన్ని మొదట వండారని చెబుతారు. మన కూరల్లో వేసే అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చితోనే మొదలుపెట్టి, గరం మసాలాకి బదులు సోయాసాస్ పోశారట. పేరుకి తప్ప చైనాలోని మంచూరియాకీ దీనికీ సంబంధం లేదు. కోడి పోయి కాలీఫ్లవర్ వచ్చింది, తాలింపు మాత్రం అదే మిగిలింది. ఇరవై ఏళ్ల తర్వాత కూడా ఆవిడ ముక్కు దాన్ని పట్టేసింది. పట్టేశాక ప్లేటు పక్కన పెట్టేస్తుందేమోనని భయపడ్డాను. ఊహూఁ, మళ్లీ వడ్డించుకుంది.

హక్కా నూడిల్స్‌దీ కలకత్తా దారే. అక్కడ టాంగ్రాలో తోళ్ల పరిశ్రమలు నడిపిన హక్కా చైనీయుల పేరే దానికి వచ్చింది. ఇవన్నీ చెబుతుంటే అత్త వినలేదు. ఫ్రైడ్ రైస్‌లో మెతుకు మెతుకూ విడిగా ఉండటం చూసి, “చద్దన్నమే ఇది, వేడన్నమైతే ముద్దయిపోను” అని తేల్చేసింది. అదీ నిజమే. చల్లారి గట్టిపడిన అన్నంతోనే అది బాగా వస్తుంది.

చివర్న పెరుగు అడిగింది. లేదన్నారు. ఆ ఒక్క విషయంలో హోటల్‌ని ఇప్పటికీ క్షమించలేదు.

వారం తర్వాత ఫోన్ చేసింది. అరటికాయ ముక్కలతో చేసిందట. కార్న్‌ఫ్లోర్ లేక బియ్యప్పిండే కలిపిందట.

“అంతా కుదిరింది గానీ, ఆ నల్లనీళ్లు ఏ కొట్లో దొరుకుతాయిరా?”