డీహెచ్‌ఎల్ అని ఎందుకు అరిచారు?

(ఒక ఇంజనీరింగ్ కాలేజీ గేమింగ్ క్లబ్బు సభలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వెనకాల కట్టిన ఫ్లెక్సీలో స్పాన్సర్ల పేర్లు మీ క్లబ్బు పేరు కంటే పెద్ద అక్షరాల్లో ఉన్నాయి. ఇది చూసి కొందరు నవ్వుకుంటున్నారని తెలుసు. నవ్వుకోండి, తప్పేం లేదు. నేను మాట్లాడబోయేది మాత్రం సరిగ్గా ఆ పేర్ల గురించే.

2018 మే నెలలో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో డోటా 2 అనే కంప్యూటర్ ఆటకి ఈఎస్‌ఎల్ వన్ అనే టోర్నీ జరిగింది. గెలిచింది వర్టస్ ప్రో టీము. ఆ టోర్నీ పేరెత్తితే చాలామందికి మొదట గుర్తొచ్చేది వాళ్లు కాదు, హాల్లో జనం వేసిన కేకలు. ఏ ప్లేయర్ పేరో అరిచారనుకుంటారు. కాదు. "డీహెచ్‌ఎల్! డీహెచ్‌ఎల్!" అని అరిచారు. పార్సిళ్లు చేరవేసే జర్మన్ కంపెనీ పేరది. దాని పసుపు రంగు లోగో తెర మీద కనిపిస్తే చాలు, హాలు హోరెత్తిపోయేది. ఎక్కడైనా యాడ్ రాగానే జనం ఫోను తీస్తారు, లేదంటే బాత్రూముకి లేస్తారు. అక్కడ యాడ్ కోసం ఎదురుచూశారు.

దీనికి కారణం చిన్నదే. డోటా ఆడేవాళ్లకి చెప్పక్కర్లేదు, మిగతావాళ్ల కోసం చెబుతాను. ఆ ఆటలో కొన్న సామాన్లని మన హీరో దగ్గరికి మోసుకొచ్చే ఒక జంతువు ఉంటుంది, మొదట్లో గాడిద. పేరు కొరియర్. అది దారిలో చచ్చిపోయిందంటే టీమంతా తలపట్టుకుంటుంది. అలాంటి ఆటకి ఒక కొరియర్ కంపెనీ స్పాన్సర్‌గా వచ్చింది. వచ్చి, లోగో అతికించి వెళ్లిపోలేదు. సరుకులు మోసే చిన్న రోబో బండిని వేదిక దగ్గరికి నడిపించింది. అంటే ఈ ఆట ఏమిటో, వీళ్లు దేనికి నవ్వుతారో కనుక్కుని మరీ వచ్చింది. జనం మొదట వేళాకోళంగానే అరిచి ఉంటారు. కానీ రోజంతా వేళాకోళం చేస్తూ కూర్చుంటే చివరికి అభిమానం పుట్టకుండా ఉంటుందా?

ఇక డబ్బు సంగతి. మనం చూసే ఆటలకి మనం కట్టేది దాదాపు ఏమీ లేదు. గేమ్ ఫ్రీ. స్ట్రీమ్ ఫ్రీ. దాని మీద కూడా మనలో సగంమంది యాడ్ బ్లాకర్ పెట్టుకుంటాం, సిగ్గుపడకండి, ఈ హాల్లో ఎంతమందో నాకు తెలుసు. మరి హాలు అద్దె, ప్లేయర్ల జీతం, వ్యాఖ్యానం చెప్పే క్యాస్టర్ల పారితోషికం, నెట్ లైను, కెమెరాలు ఇవన్నీ ఎవరు భరిస్తున్నారు? చాలా వరకు స్పాన్సర్లే. ఆ స్పాన్సర్ కంపెనీలో ఈ ఆట అంటే ఇష్టపడే మనిషి సాధారణంగా ఒక్కరే ఉంటారు, మార్కెటింగులో ఏ మధ్య మెట్టు మీదో. ఏడాది చివర రెన్యువల్ మీటింగులో పైవాళ్లు ఆ మనిషిని అడిగే ప్రశ్న ఒకటే: మన డబ్బు పోసి ఏం సంపాదించావు? ఎంతమంది చూశారో చెప్పే అంకెలు అందరి దగ్గరా ఉంటాయి, వాటిని ఎవరూ పెద్దగా నమ్మరు. ఆ మనిషి చేతిలో నిజంగా పనికొచ్చే కాగితం ఏమిటంటే, "మీరు ఫలానా టోర్నీకి సాయం చేశారు, అందుకే మీ హెడ్‌సెట్ కొన్నాను" అని ఎవరో ముక్కూమొహం తెలియని కుర్రాడు రాసిన నాలుగు లైన్లు.

ఆట గెలిచి మైకు పట్టుకున్న ప్లేయర్ "మా స్పాన్సర్లకి థాంక్స్" అని గుక్కతిప్పుకోకుండా పేర్లు చదువుతాడు చూశారా, అది మనకి కొత్తేమీ కాదు. మన ఊళ్లలో పద్య నాటకం మధ్యలో హార్మోనియం ఆపించి, "ఫలానా వారు కళాకారులకి నూట పదహార్లు చదివించారు" అని మైకులో చెప్పేవాళ్లు. జనం చప్పట్లు కొట్టేవాళ్లు, ఇచ్చినాయన మీసం దువ్వుకునేవాడు. తేడా ఒక్కటే. అక్కడ ఇచ్చినవాడు జనం మధ్యనే కూర్చుని చప్పట్లు వినేవాడు. ఇక్కడ ఇచ్చినవాడు ఎక్కడో ఆఫీసులో ఉంటాడు. చప్పట్లు అక్కడిదాకా చేరవు, ఎవరో ఒకరు పనిగట్టుకుని చేర్చాల్సిందే.

ఈ కథ నిజంగా మొదలైన చోటికి వెళదాం. దక్షిణ కొరియా. 1998లో స్టార్‌క్రాఫ్ట్ అనే కంప్యూటర్ ఆట వచ్చింది, రెండేళ్లకల్లా ఆన్‌గేమ్‌నెట్ అని ఆటల కోసమే ఒక టీవీ ఛానలు వచ్చింది. ఆ ఛానల్లో జరిగే స్టార్‌లీగ్‌కి ప్రతి సీజనుకీ స్పాన్సర్ పేరే పేరు. 2001లో కోకాకోలా స్టార్‌లీగ్, ఆ తర్వాత స్కై, పానసోనిక్, ఒలింపస్, 2004లో జిలెట్. శీతల పానీయం, సెల్‌ఫోను, టీవీ, కెమెరా, గడ్డం గీసుకునే బ్లేడు. అక్కడి అభిమానులకి ఈ పేర్లే క్యాలెండరు అయిపోయాయి. "బాక్సర్ వరసగా రెండోది గెలిచింది ఎప్పుడు?" అంటే 2001 అని చెప్పరు, కోకాకోలా అంటారు. బాక్సర్ అంటే లిమ్ యో-హ్వాన్, ఆ ఆటకి మొదటి సూపర్‌స్టార్. మనకి మాత్రం ఈ అలవాటు లేదా? కుంబ్లే 12 పరుగులకి 6 వికెట్లు తీసింది హీరో కప్పులో. షార్జాలో సచిన్ ఇసుక తుఫాను సెంచరీ కోకాకోలా కప్పులో. ఈ పేర్లు గుర్తుపెట్టుకోవడానికి మనకెవరూ డబ్బివ్వలేదు. ఆటతోపాటు పేరు కూడా లోపలికి దిగిపోయింది. ఏ స్పాన్సర్‌కైనా ఇంతకంటే పెద్ద థాంక్స్ ఉండదని నా ఉద్దేశం. అది అడిగి తీసుకునేది కాదు.

2004లో ఎస్‌కే టెలికాం ఆ బాక్సర్ టీమునే తీసుకుని టీ1 అని పేరు పెట్టింది. ఇవాళ లీగ్ ఆఫ్ లెజెండ్స్ ఆటలో మేటి ఆటగాడు ఫేకర్ ఆడే టీ1 అదే సంస్థ. 2010లో కొరియన్ ఎయిర్ విమానాల కంపెనీ స్టార్‌లీగ్ స్పాన్సర్ అయింది. ఆ ఏడాది ఒక ఫైనల్ ఎక్కడ పెట్టారో తెలుసా? గింపో విమానాశ్రయంలో, విమానాలు నిలిపే హ్యాంగర్‌లో! కిమ్ జంగ్-వూ 3-2తో లీ యంగ్-హో మీద గెలిచాడు. ఆ ఏడాదే రెండో సీజను ఫైనల్‌కి అందరూ షాంఘై వెళ్లారు. స్పాన్సర్ అంటే నాకు ఇష్టమైన ఉదాహరణ ఇదే. తన దగ్గర ఉన్నది, ఇంకెవరూ ఇవ్వలేనిది ఇచ్చాడు. విమానాల కంపెనీ దగ్గర డబ్బు కాక ఏముంటుంది? హ్యాంగర్ ఉంటుంది, విమానం ఉంటుంది.

తర్వాత ఏమైంది? అదే 2010లో మ్యాచ్ ఫిక్సింగు బయటపడింది. గేమ్ తయారుచేసిన బ్లిజార్డ్‌కీ, కొరియా ఈ-స్పోర్ట్స్ సంఘానికీ హక్కుల తగాదా నడిచింది. జనం మెల్లగా వేరే ఆటల వైపు మళ్లారు. 2011లో మూడు టీములు మూతపడ్డాయి, రెండో గేమింగ్ ఛానలు ఎంబీసీ గేమ్ 2012 మొదట్లో మ్యూజిక్ ఛానలుగా మారిపోయింది. 2011లో జిన్ ఎయిర్ పేరుతో జరిగిన సీజను తర్వాత చాలాకాలం స్టార్‌లీగ్ ఊసే లేదు. చివరికి 2012లో టీవింగ్ పేరుతో ఆ పాత స్టార్‌క్రాఫ్ట్ ఆటకి ఆఖరి సీజను జరిగింది. టీవింగ్ ఎవరిది? ఆ ఛానలు యజమాని సీజే గ్రూపుదే. బయటివాళ్లెవరూ ముందుకు రాకపోతే ఇంటివాళ్లే చదివింపులు చదివించుకున్నారన్నమాట. హో యంగ్-మూ గెలిచాడు. హాల్లో చాలామంది ఏడ్చారు.

అభిమానులు థాంక్స్ చెబితే ఇది ఆగేదా అని అడుగుతారేమో. ఆగేది కాదు. ఫిక్సింగుని ఉత్తరాలు మాపవు. థాంక్స్‌కి ఉన్న శక్తి ఎంతో అంతే. బాగా నడుస్తున్న ఆటకి రెండో ఏడాది ఇప్పించగలదు, కూలిపోతున్న దాన్ని నిలబెట్టలేదు.

మరి స్పాన్సర్లెందుకు, మనమే చందాలు వేసుకుంటే పోలా? డోటాలో అదీ చూశాం. 2013 నుంచి 'ది ఇంటర్నేషనల్' అనే పెద్ద డోటా టోర్నీ కోసం, అభిమానులు ఆటలో కొనే కంపెండియం అనే డిజిటల్ పుస్తకం డబ్బులో పావు వంతు ప్రైజు మనీలో కలిపారు. 2021లో అది 4 కోట్ల డాలర్లు దాటింది. ఆ అమ్మకం తీరు మార్చేసరికి 2023లో 30 లక్షల డాలర్ల పైచిలుకుకి వచ్చింది. పైగా ఆ డబ్బంతా గెలిచిన కొద్దిమందికే పోతుంది. మిగతా ఏడాదంతా చిన్న టోర్నీలు ఎవరు నడపాలి? మళ్లీ మన పసుపు రంగు లోగోనే.

ఇప్పుడు కొంచెం చేదు మాట. థాంక్స్ చెప్పడం మన చేతిలో ఉన్నప్పుడు, చెప్పకపోవడం కూడా మన చేతిలోనే ఉంటుంది. 2020 జులైలో యూరప్ లీగ్ ఆఫ్ లెజెండ్స్ లీగ్ ఎల్‌ఈసీ, సౌదీ అరేబియా కడుతున్న నియోమ్ నగరంతో స్పాన్సర్‌షిప్ ప్రకటించింది. ఆ నగరం కోసం హువైతాత్ తెగవాళ్లని ఊళ్ల నుంచి ఖాళీ చేయిస్తున్నారని, స్వలింగ సంపర్కుల పట్ల అక్కడి చట్టాలు దారుణమని అభిమానులు భగ్గుమన్నారు. క్యాస్టర్లే బాహాటంగా ఎదురుతిరిగారు. ఒక్క రోజు తిరిగేసరికి ఒప్పందం రద్దయింది. అభిమానులు గెలిచారని రాసుకున్నారు. సరే, మరి 2024లో? రియాద్‌లో 6 కోట్ల డాలర్లతో ఈస్పోర్ట్స్ వరల్డ్ కప్ పెట్టారు, లీగ్ ఆఫ్ లెజెండ్స్ కూడా అందులో ఉంది, ఆ ఆటలో కప్పు టీ1 గెలిచింది. నేను కూడా చూశాను, ఫేకర్ ఆడుతుంటే చూడకుండా ఎలా ఉంటాం! ఆట చూడటం, డబ్బిచ్చినవాడిని పొగడటం రెండూ ఒకటి కాదని చెప్పుకుని చూశాను. అది ఎంతవరకు సమర్థనో, ఎంతవరకు సాకో మీరే తేల్చండి.

ఇంకోటి ఎఫ్‌టీఎక్స్. 2021లో ఆ క్రిప్టో కంపెనీ అమెరికా టీము టీఎస్‌ఎంకి పదేళ్లలో 21 కోట్ల డాలర్లు ఇస్తానంది. టీము పేరే టీఎస్‌ఎం ఎఫ్‌టీఎక్స్ అయింది. 2022 నవంబరులో ఎఫ్‌టీఎక్స్ దివాలా తీసింది. లోగో పీకేసుకోవడం టీముకి ఒక్క రోజు పని. టీము మీద అభిమానంతో అందులో డబ్బు దాచుకున్నవాడెవడైనా ఉంటే, వాడి సంగతి వేరు.

మనకిది దూరపు కథ కాదు. తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2020లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించారు. అప్పటినుంచి ఆ కంపెనీల యాడ్ల చివర గడగడా చదివే మాటల్లో మన రెండు రాష్ట్రాల పేర్లు వినిపించేవి, ఇక్కడివాళ్లు ఆడకూడదని. యాడ్ మాత్రం మన టీవీలోనే వచ్చేది! 2025 ఆగస్టులో కేంద్రం చట్టం చేసి దేశమంతటా ఆపేసింది, ప్రకటనలతో సహా. వారాలు తిరక్కుండానే భారత క్రికెట్ జెర్సీ మీద డ్రీమ్11 పేరు పోయింది. అదే చట్టం ఈ-స్పోర్ట్స్‌ని మాత్రం వేరుగా గుర్తించింది. ఈ తేడా మీ అమ్మానాన్నలకి చెప్పగలగాలి మీరు. వాళ్ల దృష్టిలో బీజీఎంఐ అనే షూటింగ్ ఆట, డబ్బు పెట్టి ఆడే రమ్మీ ఒకటే. మన స్ట్రీమర్లే నిన్నటిదాకా రెండింటికీ ఒకే గొంతుతో యాడ్లు చదివితే వాళ్లని మాత్రం ఏమనగలం?

బీజీఎంఐ అంటే గుర్తొచ్చింది. 2020 సెప్టెంబరులో పబ్‌జీ మొబైల్‌ని నిషేధించారు, 2021లో బీజీఎంఐగా వచ్చింది, 2022 జులైలో మళ్లీ తీసేశారు, 2023లో తిరిగొచ్చింది. ఇలా ఉన్నట్టుండి మాయమైపోయే ఆట మీద డబ్బు పెట్టడానికి ఏ కంపెనీకైనా గుండె ధైర్యం కావాలి. అయినా పెట్టారు. 2024 జూన్ చివర్లో బీజీఎంఐ పెద్ద టోర్నీ బీజీఐఎస్ ఫైనల్స్ మన హైదరాబాద్ హైటెక్స్‌లోనే జరిగాయి, ప్రైజు మనీ 2 కోట్లు, టీమ్ ఎక్స్‌స్పార్క్ గెలిచింది. ఆ ఏడాదే సోల్ టీము పేరు ముందు ఫోన్ల కంపెనీ ఐకూ పేరు చేరింది. అభిమానులు కొందరు మొదట గొణిగారు. నాకు మాత్రం అది మంచి బేరమే అనిపించింది. ఆట ఫోనులో, స్పాన్సర్ ఫోను కంపెనీ. కనీసం ఒకరి పని ఒకరికి అర్థమవుతుంది.

ఇక మీ టోర్నీకొద్దాం. ఈ ఫ్లెక్సీ మీద ఉన్నది బర్మింగ్‌హామ్ కంపెనీలు కాదు. కంప్యూటర్ షాపు, బిర్యానీ హోటల్, కేబుల్ నెట్ ఆయన. వాళ్లకి లక్ష వ్యూస్ అక్కర్లేదు. వాళ్ల కోసం మీరు చేయాల్సింది చెప్పేసి దిగిపోతాను. అవసరం లేనివి కొనకండి, మీ పాకెట్ మనీ వాళ్లకి స్పాన్సర్‌షిప్ కాదు. కొనేదేదో ఉంటే అక్కడ కొనండి, కొనేటప్పుడు "టోర్నీలో మీ పేరు చూసి వచ్చాను" అని పైకి అనండి. ఆ మాట అనడానికి మనకెందుకో మొహమాటం. ఫైనల్ అయిన వారంలోపు క్లబ్బు తరఫున ఇద్దరు వెళ్లి కలవండి, వాట్సాప్ మెసేజ్ పడేయకండి. నెట్ ఆయన దగ్గరికి వెళ్లినప్పుడు "మీ సపోర్టుకి కృతజ్ఞతలు" అని అచ్చు వేసిన కాగితం ఇవ్వకండి. సెమీఫైనల్లో కరెంటు పోయినా లైను ఆగలేదని, అందుకే మ్యాచ్ మళ్లీ ఆడించాల్సిన అవసరం రాలేదని చెప్పండి. ఒకవేళ ఆగిందనుకోండి, అదీ చెప్పండి. ఆయన లైను బాగుచేసుకుంటాడు, వచ్చే ఏడాది మీరు అడగ్గానే ఆయనకి మీ మొహాలు గుర్తుంటాయి.

ప్రశ్నలుంటే అడగండి. ఆ యాడ్ బ్లాకర్ వాళ్లు మొదట.