పైప్‌లైన్‌కి కాపలా కాసే చదువు: రెండేళ్ల కోర్సులో ఏం నేర్పాలి?

[తెర మీద: చెట్ల మధ్య పారే వాగు]

నమస్తే అండి. ఈ వాగు పేరు వాట్‌కమ్ క్రీక్. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రం, బెల్లింగ్‌హామ్ ఊళ్లో ఉంది. 1999 జూన్ 10 మధ్యాహ్నం ఇక్కడ ఒలింపిక్ అనే కంపెనీ పైప్‌లైన్ పగిలి, దాదాపు 9 లక్షల లీటర్ల పెట్రోల్ బయటికొచ్చి వాగులో కలిసింది. గంటన్నరకి అంటుకుంది. పదేళ్ల పిల్లలిద్దరు, చేపలు పట్టుకుంటున్న 18 ఏళ్ల కుర్రాడు చనిపోయారు.

పైపుకి అంతకు ఐదేళ్ల ముందే తవ్వకాల్లో దెబ్బ తగిలింది. ఒక వాల్వ్ కూడా సరిగా అమర్చలేదు. ఇవన్నీ నిజమే. కానీ నాకు మనసులోంచి పోనిది కంట్రోల్ రూమ్ సంగతి.

[గ్రాఫిక్: కంట్రోల్ రూమ్ తెర, కదలని అంకెలు]

పంపుల్నీ వాల్వుల్నీ దూరం నుంచి నడిపే కంప్యూటర్ వ్యవస్థని స్కాడా అంటారు. ఆ రోజు లైన్ నడుస్తుండగానే, స్కాడా డేటాబేస్‌లో కొత్త రికార్డులు చేర్చారు. సిస్టమ్ మొరాయించింది. లైన్‌లో ప్రెషర్ పెరుగుతోంది, ఆపరేటర్ ఆదేశాలిస్తున్నాడు, అవతల నుంచి ఉలుకూ పలుకూ లేదు. హ్యాకర్ ఎవరూ లేరండి. ఆ మార్పుల్ని ముందు వేరే సిస్టమ్ మీద పరీక్షించి ఉంటే తప్పు బయటపడేదేమో అని 2002లో దర్యాప్తు నివేదిక చెప్పింది.

ఇప్పుడు అదే ఊళ్లో, వాట్‌కమ్ కమ్యూనిటీ కాలేజీలో, ఎన్‌సైట్ అనే జాతీయ సైబర్ సెక్యూరిటీ విద్యా కేంద్రం ఉంది. కమ్యూనిటీ కాలేజీ అంటే మన పాలిటెక్నిక్ లాంటిదనుకోండి. రెండేళ్లు చదివితే అసోసియేట్ డిగ్రీ వస్తుంది. చాలామంది ఉద్యోగం చేసుకుంటూనే చదువుతారు. పగలు నీళ్ల ప్లాంటులో పనిచేసే మనిషి, పంపుల్నీ వాల్వుల్నీ నడిపే ఇలాంటి కంప్యూటర్లని కాపాడటం నేర్పే క్లాసులో సాయంత్రం కూర్చుంటే, అతనికి పంపు చప్పుడు ముందే తెలుసు. ఈ చదువుకి అంతకన్నా మంచి పునాది ఉండదని నా నమ్మకం.

ఎందుకంటే ఆఫీసు కంప్యూటర్‌కి అప్‌డేట్ పెట్టి రీస్టార్ట్ చేస్తే ఐదు నిమిషాలు ఆగుతాం, అంతే. పంపుని నడిపే పీఎల్‌సీ, అంటే ఆ చిన్న కంట్రోలర్ పెట్టె, మధ్యలో ఆగితే ట్యాంకు పొంగొచ్చు, పైపు పగలొచ్చు. ఇక్కడ డేటా కన్నా ముందు మనుషుల ప్రాణాలు చూడాలి.

[తెర మీద: పీఎల్‌సీ దగ్గరగా]

2023 నవంబర్‌లో పెన్సిల్వేనియాలోని అలిక్విప్పా నీటి సంస్థ పంపు స్టేషన్‌లో ఇలాంటి పెట్టెనే హ్యాక్ చేశారు. తెర మీద హ్యాకర్ల సందేశం వచ్చింది. ఆ రకం పెట్టెలకి కంపెనీ నుంచి వచ్చే పాస్‌వర్డ్ 1111. దాన్ని మార్చకుండా, నేరుగా ఇంటర్నెట్‌కి తగిలించినవాటినే వాళ్లు వెతికి పట్టుకున్నారని అమెరికా ప్రభుత్వ హెచ్చరిక చెప్పింది. అలిక్విప్పాలో మాత్రం సిబ్బంది వెంటనే ఆటోమేటిక్ ఆపేసి, పంపుల్ని చేత్తో నడిపారు. ఊరికి నీళ్లు ఆగలేదు.

అమెరికాలో ఉన్న మన పిల్లలు ఎవరైనా ఈ కోర్సు వైపు చూస్తుంటే, చేరే ముందు ల్యాబ్ చూపించమని అడగండి. పీఎల్‌సీకి నిజమైన చిన్న పంపు, నీళ్ల ట్యాంకు తగిలించి ఉన్నాయా? తెర ఆగిపోయినప్పుడు వాల్వ్ దగ్గరికి వెళ్లి చేత్తో తిప్పడం అక్కడ నేర్పుతారా?